ఎనిమిదో సీటు

సీట్లు ఎనిమిది, మనుషులు పదిహేను మంది. ఈ మాత్రం లెక్క తేల్చలేనా అనుకున్నాను. పన్నెండేళ్ళు టైమ్‌కీపర్ పని చేసినవాణ్ణి, రెండు వందల మంది హాజరు ఒక్క పూట తప్పు పోకుండా రాసినవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకున్నాను. తేల్చాను కూడా. ఎలా తేల్చానో చెప్పాలంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. అయినా చెప్తాను. చెప్పకుండా మింగి చూశాను, అరగలేదు.

ఫుజైరా కొండల్లో కంకర కొట్టే క్వారీ మాది. కొండ కింద క్యాంపు. మా గదిలో అయిదుగురం. నేను, రామచంద్రరావును, ఆఫీసు క్యాబిన్‌లో ఏసీ కింద కూర్చుని హాజరు రాసేవాణ్ణి. క్యాంపంతా నన్ను రావు సాబ్ అనేది. నా పైమంచం జాన్‌బాబుది. భీమవరం వైపు మనిషి, లోడర్ నడుపుతాడు. ఎదురు మంచం ఇమామ్ హుస్సేన్, మా నిజామాబాదువాడే, పికప్ డ్రైవరు. కిటికీ పక్కన తిరుపతిరెడ్డి, ఫిట్టరు. మూల మంచం పర్శరాములుది. క్రషర్ దగ్గర పని. రాయి పిండి అయ్యే చోట నిలబడాలి, పొద్దుగూకేసరికి కనుబొమలు కూడా తెల్లబడి వచ్చేవాడు.

పర్శరాములుది జగిత్యాల వైపు, జిల్లా వేరైనా మా పక్కూరే. మాదిగాయన. నేను వెలమను. ఊళ్ళో అయితే అతను నన్ను దొరా అనాలి, నేను అతణ్ణి ఒరే అనాలి. దుబాయ్ వచ్చినంక ఒకే నల్లా కింద స్నానాలు, ఒకే గంజులో వంటలు. కులం గిలం అన్నీ విమానం ఎక్కేముందే వదిలేశామని నలుగురిలో గొప్పగా చెప్పేవాణ్ణి. నమ్మేవాణ్ణి కూడా, అదీ విచిత్రం.

రెండు వేల ఇరవై రెండు దసరా నాడు మెస్సు వెనక పర్శరాములు డప్పు తీశాడు. ఇంటికి పోయినప్పుడు తెచ్చుకున్న ఫైబర్ డప్పు, మంట మీద కాచే పనిలేదు. మామూలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, డప్పు మెడకు తగిలించుకుంటే ఆ దగ్గు ఎటు పోయేదో! క్యాంపులో పఠాన్లు, బంగాలీలు, నేపాలీలు అందరూ పళ్ళేలు పట్టుకుని బయటికొచ్చారు. సరిగ్గా అప్పుడే ఇమామ్ హుస్సేన్ పికప్‌లోంచి ఒక అరబ్బాయన దిగాడు. పేరు ఖల్ఫాన్. మా కొండ అవతల చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుంది, కింది డివిజన్‌లో ఆడుతుంది. దాని అభిమానుల వ్యవహారం చూసే ముదీర్, అంటే మేనేజరు, ఆయన. గ్రౌండు ముందు పరచడానికి కంకర చూసుకుందామని వచ్చి, కంకర సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

"షూ హాదా?" అన్నాడు, ఇదేమిటని.

"డప్పు సాబ్. మా ముల్క్‌ది. చచ్చినోడు సుత లేచి ఆడ్తడు," అన్నాడు ఇమామ్ హుస్సేన్ హిందీలో.

"మా టీముకు కూడా అదే కావాలి," అని నవ్వాడు ఖల్ఫాన్. "శుక్రవారం ఇతణ్ణి గ్రౌండుకు తీసుకురా."

అలా మొదలైంది. ఆ క్లబ్బుకు అభిమానులంటే రెండు వందల మంది, అందులో సగం ఉచితంగా ఇచ్చే నీళ్ళ సీసాలకు వచ్చేవాళ్ళు. పర్శరాములు డప్పు పడ్డాక ఆ సగం కూడా లేచి నిలబడింది. సొంత గ్రౌండులో ఎంతమందైనా కూర్చోవచ్చు. బయటి మ్యాచ్‌లకు పోతే మాత్రం అక్కడి క్లబ్బువాళ్ళు మనవాళ్ళకు ముప్పై సీట్లే కేటాయించేవారు. ఖల్ఫాన్ అందులో ఎనిమిది డప్పులకని పక్కన పెట్టాడు. పేర్లు, ఐడీ నంబర్లు గురువారం మధ్యాహ్నంలోగా పంపాలి, ఆ తరవాత మార్చడానికి లేదు. ఇంగ్లీషులో రాసి పంపే మనిషి కావాలంటే ఇమామ్ హుస్సేన్ నా పేరు చెప్పాడు.

మొదటి బయటి మ్యాచ్ రస్ అల్ ఖైమాలో. ఎనిమిది సీట్లున్నా పోయింది నలుగురమే. తిరుపతిరెడ్డిని రమ్మంటే, "డప్పులోని ఎంబడి మేం తిరుగుడేంది, ఛా," అన్నాడు. పర్శరాములు అక్కడే ఉన్నాడు, విననట్టు సాక్సులు తొడుక్కున్నాడు. ఆ రోజు మా క్లబ్బు రెండు గోల్స్‌తో గెలిచింది. వచ్చేటప్పుడు బస్సులో ఖల్ఫాన్ తన మెడలోని కండువా తీసి పర్శరాములు మెడలో వేశాడు. పక్కన కూర్చుని హిందీలో నెమ్మదిగా చెప్పాడు: "మా స్టోరు చూసే బంగాలీ ఎండాకాలానికి ఊరికి పోతున్నాడు, ఇక తిరిగి రాడు. నువ్వు బయటి మ్యాచ్‌లకు తప్పకుండా రా. సీజన్ చివర మా రయీస్‌కు, క్లబ్బు పెద్దకు, చూపించి నిన్ను తీసుకుంటాను. జెర్సీలు మడతపెట్టాలి, బంతులకు గాలి కొట్టాలి. అంతే పని."

క్యాంపు వచ్చేదాకా పర్శరాములు ఆ మాటే నెమరేశాడు.

"సాబ్, బంతులకు గాలి గొట్టుడంట. పంపుతోనే గద? నోటితోని గాదు గద?"

"పంపుతోనే."

"గట్లయితె జేస్త," అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

ఆ స్టోరు పని అతనికి ఏమిటో నాకు బాగా తెలుసు. తెలియదని బుకాయించలేను. పది రోజుల ముందే అతణ్ణి కంపెనీ తరఫున క్లినిక్‌కు తీసుకుపోయింది నేనే. అక్కడ నర్సు మరియకుమారి, జాన్‌బాబు వాళ్ళ చర్చి మనిషి, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి నన్ను పక్కకు పిలిచింది.

"రాయి దుమ్మండీ. లోపల పేరుకుపోయింది. మందులతో పోయేది కాదు," అంది. "ఆ క్రషర్ దగ్గర్నుంచి ముందు తప్పించండి. తప్పిస్తే ఉన్న ఊపిరన్నా మిగులుతుంది. జూన్‌లో ఆయనకి వీసా మెడికల్ కూడా ఉంది కదా. ఈ మచ్చలు ఇంకాస్త పెరిగాయంటే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపించేస్తారు, ఆ పైన అక్కడ ఏ ఆస్పత్రిలో తేలతాడో ఏంటో."

ఫోర్‌మన్‌ను అడిగాను. అతణ్ణి మారిస్తే క్రషర్ మీదికి నువ్వొస్తావా అన్నాడు. నోరు మూసుకుని వచ్చాను. కాబట్టి పర్శరాములుకు కొండ దిగే దారి ఒక్కటే, ఆ క్లబ్బు స్టోరు. ఆ స్టోరుకు దారి బయటి మ్యాచ్ సీటు. ఆ సీటు రాసే కలం నా చేతిలో ఉంది.

రస్ అల్ ఖైమా నుంచి వచ్చినవాళ్ళ నోళ్ళు ఊరికే ఉంటాయా? ఏసీ బస్సు, మెత్తని సీటు, బిర్యానీ పొట్లం, కొత్త టీషర్టు, టీవీలో కనబడటం. క్యాంపు, క్రషర్, మెస్సు తప్ప ఏడాది పొడుగునా మరో ముఖం చూడని మనుషులు. రెండు వారాలు తిరక్కముందే డప్పు నేర్చుకుంటామని పధ్నాలుగు మంది తయారయ్యారు. అందరికంటే ముందు ఎవరనుకున్నారు? తిరుపతిరెడ్డే. క్లబ్బు డబ్బులతో డప్పులు వచ్చాయి. సాయంత్రాలు మెస్సు వెనక పర్శరాములు నేర్పేవాడు.

"చెయ్యంత ఊపకు పటేలా, మణికట్టు ఆడాలె. గీ సన్న పుల్ల సిటికెన పుల్ల, గిది మోగుతనే ఉండాలె. దెబ్బ గీ లావు పుల్ల, సిర్రతోని పడాలె. ఆఁ, గట్ల!" అని, "మా అయ్య బతికుంటే గియ్యాళ్ళ ఇచ్చంత్రం జూస్తుండె. రెడ్లు డప్పు గొడ్తున్నరు, మాదిగోడు తప్పులు దిద్దుతున్నడు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, తిరుపతిరెడ్డి కూడా. నేనూ నేర్చుకున్నాను. నా వేళ్ళు పట్టుకుని పుల్ల సరిచేస్తూ అతను మొదటిసారి నన్ను "అన్నా" అన్నాడు. ఒక్క క్షణం నా వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ తరవాత బాగానే అనిపించింది, నిజం చెప్తున్నాను.

అల్ ఐన్ మ్యాచ్ దగ్గరపడ్డప్పుడు గదిలో పంచాయితీ అయింది. ఎవరు పోవాలి?

"రావు సాబ్ తేలుస్తడు. సదువుకున్నోడు, ఇన్సాఫ్ జేస్తడు," అన్నాడు ఇమామ్ హుస్సేన్. అతనికి పికప్ డ్యూటీ, పోటీలో లేడు.

పర్శరాములు మెల్లగా అన్నాడు: "అన్నా, నా సీటొక్కటి పక్కకు పెట్టుండ్రి. తక్కినయి మీ ఇష్టం. నా సంగతి మీకెర్కనే గద."

"గదెట్లయితది?" తిరుపతిరెడ్డి మంచం మీంచి లేచాడు. "నేర్పినోడైతే? ఎక్కువనా? ఆయనకు ఖాయమంటే మాకు బీ ఖాయం. ఊర్ల లేని పెద్దరికం గీడ పెడ్తరా రావు సాబ్?"

ఆఖరి మాట నా మొహం చూసి అన్నాడు. ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. పక్కూరి మాదిగాయనకు నేను ఖాయం సీటు రాశానన్న మాట ఫోన్లలో ఊరు చేరుతుందని ఆ నిమిషంలో నాకు తోచింది. సిగ్గు చేటు, కానీ తోచింది. నేను గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను. అందరికీ ఒకటే న్యాయం. పేర్లన్నీ చిట్టీల మీద రాసి రైస్ కుక్కర్ గిన్నెలో వేద్దాం. ఎవరి పేరు వస్తే వాళ్ళు. పెద్దా చిన్నా లేదు, గురువూ లేదు, శిష్యుడూ లేదు.

"శభాష్," అన్నారు అందరూ. న్యాయమూర్తినైపోయానని నా ఛాతీ ఉబ్బింది.

ఎనిమిది సీట్లలో చిట్టీలకు వదిలింది ఏడే. ఎనిమిదోది నాది. పేర్లు చూసుకోవాలి, గేటు దగ్గర లెక్క చెప్పాలి, ఎవరో ఒక బాధ్యుడు ఉండాలి కదా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటే అంటారు. వడ్డించేవాడు తానే అయితే ఇక చెప్పేదేముంది!

అల్ ఐన్‌కు పర్శరాములు పేరు రాలేదు. అజ్మాన్‌కు వచ్చింది. హత్తాకు రాలేదు, దుబాయ్ మ్యాచ్‌కూ రాలేదు. ప్రతి బుధవారం డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, గిన్నె దగ్గర అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు. పేరు రాకపోతే లేచి, పోయేవాళ్ళ డప్పులకు తాళ్ళు బిగించి ఇచ్చేవాడు. మ్యాచ్‌లలో ఖల్ఫాన్ నన్ను అడిగేవాడు, "పర్శా ఎక్కడ?" అని. "నంబర్ రాలేదు సాబ్," అనేవాణ్ణి. "ఏం నంబరు?" అని ఆయన విస్తుపోయేవాడు. నేను చిట్టీల పద్ధతి వివరించి చెప్తే, "మంచి పద్ధతే," అని తల ఊపి, మ్యాచ్‌లో పడిపోయేవాడు.

అజ్మాన్ మ్యాచ్ ముందు ఇంకో ముచ్చట జరిగింది. ఒకడి సీటు ఇంకొకడు అడిగి పుచ్చుకున్నాడు, ఇస్తానన్నవాడు చివర్లో కాదన్నాడు, ఇద్దరూ మెస్సులో కాలర్లు పట్టుకున్నారు. అప్పుడు నేనే రెండో రూలు పెట్టాను. చిట్టీ ఎవరి పేరు మీద వస్తే వాళ్ళే పోవాలి, పోనివాళ్ళ సీటు ఖాళీ. ఒకరిది ఇంకొకరికి ఇవ్వడం ఖలాస్, లేదు.

మార్చి మొదట్లో ఆఖరి బయటి మ్యాచ్, అబుధాబిలో. ఆ సోమవారమే ఇమామ్ హుస్సేన్ కబురు తెచ్చాడు. క్లబ్బు రయీస్ ఆ మ్యాచ్‌కు వస్తున్నాడు. స్టోరు మనిషిని ఆయనకు అక్కడే చూపించి ఖాయం చేసుకుంటానని ఖల్ఫాన్ చెప్పాడట. "పర్శాను తప్పకుండా తెమ్మన్నడు సాబ్. రయీస్ మళ్ళ పండుగలైనంకనే దొరుకుతడట. గప్పటిదాంక ఆగరట."

బుధవారం చిట్టీలు తీశాం. అప్పటికి పర్శరాములు బాగా చిక్కిపోయాడు, మాట పూర్తికాకముందే దగ్గొచ్చేది. ఒకటి, రెండు, మూడు. నాలుగో చిట్టీ జాన్‌బాబుది. అయిదు. ఆరు. ఏడో చిట్టీ విప్పాను. అది తిరుపతిరెడ్డిది.

అప్పుడు జాన్‌బాబు లేచాడు.

"రావుగారూ, నాది కొట్టేసి ఆయన పేరు రాసేయండి. నేను బోల్డు మ్యాచ్‌లు చూశాను. నాకీ బంతాట మీద అంత సరదా కూడా లేదండీ."

"అట్ల కుదరదు జాన్‌బాబూ. రూలు ఉంది."

"రూలు మనం పెట్టుకున్నదే కదండీ? ఆ మనిషిని చూడండొకసారి!"

"ఇయ్యాల నీది మారిస్తే రేపు అందరూ మార్చమంటరు. అజ్మాన్ మ్యాచ్ కాడ కొట్టుకున్నది మరిచిపోయిన్రా?"

"రేపేంటండీ రేపు? ఇదే ఆఖరి మ్యాచ్!"

అప్పటికి నాలో ఉన్నదల్లా మొండితనం. తిరుపతిరెడ్డి గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. సడలిస్తే, ఈ అయిదు నెలలు నేను చేసింది ఇన్సాఫ్ కాదని ఒప్పుకున్నట్టు. అదొక్కటే నాకు కనబడింది. పర్శరాములు దగ్గు ఆపుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గీ ఒక్కసారి," అన్నాడు. "ఇంకెన్నడూ అడుగ."

"అందరికీ ఒకటే న్యాయం పర్శరాములూ. నీకొక తీరు, ఇంకొకరికి ఒక తీరు రాయలేను."

అతను నా చేతిలోని కాగితం చూశాడు. చిట్టీల్లో వచ్చిన ఏడు పేర్లు ఉన్నాయి. పైన, అన్నిటికంటే ముందు, ఎప్పటిలాగే నా పేరు ఉంది. చదువు రాకపోయినా రామచంద్రరావు అన్న పేరు ఏ ఆకారంలో ఉంటుందో హాజరు కాగితాల మీద రోజూ చూసేవాడే.

నా సీటు ఇవ్వవచ్చు. చిట్టీల్లో లేని సీటు అది, ఏ రూలూ దానికి అడ్డురాదు. ఆ సంగతి నాకు తట్టలేదంటే పచ్చి అబద్ధం. తట్టింది. అబుధాబి చూడాలనిపించింది, రయీస్ పక్కన నిలబడాలనిపించింది, బస్సులో ముందు సీటు అలవాటైపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సరే దొర," అన్నాడు పర్శరాములు.

దుబాయ్ వచ్చాక అతని నోట ఆ మాట నేను విన్నది అదే మొదటిసారి. కోపంగా అనలేదు. ఊళ్ళో మా వాకిట్లో వాళ్ళ నాయన ఎలా అనేవాడో అలా అన్నాడు. వెళ్ళి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అబుధాబిలో మా క్లబ్బు ఓడిపోయింది. గురువు లేని డప్పులు, ఎవరి దరువు వాళ్ళది. అయినా రయీస్ వచ్చి కూర్చుని, ఓపిగ్గా విన్నాడు. పెద్దమనిషి. విరామంలో ఖల్ఫాన్ ఆయన్ను మా వైపు తీసుకొచ్చి, నాతో అన్నాడు: "పర్శా ఏడీ? ఇవాళ కూడానా?"

"నంబర్ రాలేదు సాబ్."

ఖల్ఫాన్ ముఖం మాడిపోయింది. అరబ్బీలో రయీస్‌కు ఏదో చెప్పాడు. రయీస్ నన్ను చూసి హిందీలో అడిగాడు, ఈ లిస్టులు రాసేది ఎవరు అని. నేనే అన్నాను. అయిదు నెలల్లో ఒక్క పేరూ తప్పు రాలేదు, గేటు దగ్గర ఒక్క గొడవా లేదు, ప్రతి మ్యాచ్‌కూ ఇతను వచ్చాడు, అన్నాడు ఖల్ఫాన్. ఉన్న మాటే చెప్పాడు పాపం.

"స్టోరంటే లిస్టే కదా," అన్నాడు రయీస్. "వచ్చేవాణ్ణి వదిలి రానివాడి కోసం ఎందుకు చూడటం? ఇతణ్ణే తీసుకో. ఏం, వస్తావా?"

వద్దు సాబ్, ఆ పని పర్శరాములుది, అనాలి. ఎంత చిన్న మాట! నా క్యాబిన్‌కు ఏసీ ఉంది, దుమ్మంతా కిటికీ అవతలే ఉంటుంది, నాకా పనితో ఏ అవసరమూ లేదు. కానీ పన్నెండేళ్ళలో ఒక పెద్దమనిషి నా పని మెచ్చుకోవడం అదే మొదలు.

"వస్తాను సాబ్," అన్నాను.

మర్నాడు పొద్దున గదిలో నేను చెప్పకముందే అందరికీ తెలిసిపోయింది. తిరుపతిరెడ్డి పగలబడి నవ్వాడు. "బాగుంది రావు సాబ్! మాతోని చిట్టీలు ఏపిచ్చి, గిన్నెకు గిన్నె మీరే ఎత్తుకపోయిన్రు!" అన్నాడు. జాన్‌బాబు ఆ రోజు నుంచి నాతో కలిసి తినడం మానేశాడు. నేను గంజు దగ్గరికి వస్తే తన పళ్ళెం పట్టుకుని గడప మీద కూర్చునేవాడు. ఇమామ్ హుస్సేన్ తల దించుకుని, "నేనే గద మీ పేరు జెప్పింది," అని మాత్రం అన్నాడు.

పర్శరాములు మాత్రం, ఉతికిన బట్టల్లో నా టీషర్టు కనబడితే మడిచి నా మంచం మీద పెట్టాడు. క్రషర్‌కు పోయాడు.

రంజాన్ వచ్చింది, పోయింది. ఎండలు ముదిరాయి. ఆ మూడు నెలలూ అతను దుమ్ములోనే ఉన్నాడు. ఇప్పుడు డప్పు ఊసెత్తేవాడు ఎవడూ లేడు, పధ్నాలుగు డప్పులూ మెస్సు వెనక రేకుల కింద పడి ఉన్నాయి. నా బదిలీ కాగితాలు నెమ్మదిగా కదిలి జూన్‌కు తయారయ్యాయి. కొత్త వీసా కాబట్టి నాకూ మెడికల్ చేయాలన్నారు. పర్శరాములు పాత వీసా కూడా అప్పుడే ముగిసింది. కంపెనీవాళ్ళు పొదుపు మనుషులు. ఇద్దరినీ ఒకే పొద్దున ఒకే పికప్‌లో పంపారు. ఇమామ్ హుస్సేన్ దారి పొడుగునా రేడియో పెట్టాడు.

మెడికల్ సెంటర్‌లో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ముందు నన్ను పిలిచారు. గాలి పీల్చు, ఆపు, అయిపోయింది. నిమిషం పట్టలేదు. నేను బయటికి రాగానే అతను అడిగాడు.

"లోపట ఏం జేపిస్తరు దొరా?"

"గాలి పీల్చి ఆపుమంటరు. అంతే."

"ఆపుమంటే నాకు దగ్గొస్తది గదా," అన్నాడు దిగులుగా. "ఎంతసేపు ఆపాలె?"

"జెరసేపే."

లోపలికి పోయాడు. తలుపు సందులోంచి టెక్నీషియన్ గొంతు వినబడుతూనే ఉంది. సాన్స్ లో, రోకో. వెంటనే దగ్గు. మళ్ళీ సాన్స్ లో, రోకో. మళ్ళీ దగ్గు. నాలుగోసారికి టెక్నీషియన్ విసుక్కున్నాడు. అయిదోసారికి ఎలాగో అయింది. నేను లేచి బయటికి పోదామనుకున్నాను, పోలేదు. విను, నువ్వు వినాల్సిందే, అనుకుంటూ కూర్చున్నాను.

గంట తరవాత అతని చేతికి ఒక కాగితం ఇచ్చి, కంపెనీ ఆఫీసులో ఇమ్మన్నారు. నాకేమీ ఇవ్వలేదు. చెమట పట్టిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"ఏం రాసిండ్రు జూడుండ్రి. మీరు జెప్తే ఖరారుగుంటది."

చూశాను. ఇంగ్లీషులో మూడే వరుసలు. రెండు ఊపిరితిత్తుల నిండా మచ్చలు. అన్‌ఫిట్. ఫైలు ఆపి మనిషిని వెనక్కి పంపాలి. మరియకుమారి అక్టోబర్‌లోనే నాకు చెప్పిన సంగతి, ఇప్పుడు ముద్రతో ఉంది. ముందే కొండ దిగినా ఈ మచ్చలు ఆగేవి కావేమో అని ఒక ఆలోచన నన్ను ఓదార్చడానికి వచ్చింది. ఛీ పో అనుకున్నాను. ఆగేవో లేదో చూసే అవకాశం ఉండింది, దాన్ని నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఏమన్నరు?"

"మంచిగనే ఉందట," అన్నాను. "మందులు వాడుమన్నరు."

ఆ ముఖం వెలిగిపోయింది. పన్నెండేళ్ళలో కాగితం మీద ఒక్క తప్పూ చెప్పని మనిషిని, నా మాట ఎందుకు నమ్మడు? బెంచీ మీద నా పక్కన కూలబడి, చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"దొరా, ఇంకో రెండు నెలలైతే మళ్ళ ఆటలు మొదలైతయి గద?"

"అవును."

"స్టోర్‌ల మీకొక్కరికి పని ఎల్లది. ఇంకో మనిషి కావాల్నంటరు. గప్పుడు నా పేరు యాది జేయుండ్రి." దగ్గాడు, తుడుచుకున్నాడు. "చిట్టీలే ఏసినా సరే, నాకేం కోపం లేదు. పేరు రాకుంటే మీరేం జేస్తరు, నా రాత. గని వచ్చే యాడాది కూడ రాకుంట పోతదా? ఎన్నిసార్లని తప్పుతది?"

ఆ కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"వస్తది," అన్నాను. "వచ్చే యాడాది తప్పకుంట వస్తది."